గరాజ్ తలుపు ఆరంగుళాలు లేచి ఆగిపోతోంది, కారు లోపలే ఇరుక్కుంది

శ్రీను_ఫ్రిస్కో
నిన్న రాత్రి పదకొండు దాటాక గరాజ్‌లోంచి ఢామ్మని పెద్ద చప్పుడు. అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి ఉంది, గ్యాస్ బండ పేలిందనుకుని పిల్లాణ్ణి చంకనేసుకుని వాకిట్లోకి పరిగెత్తింది. లైట్ వేసి చూస్తే సామాన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏమీ అర్థం కాక పడుకున్నాం. పొద్దున ఆఫీసుకి బయల్దేరి బటన్ నొక్కితే తలుపు ఆరంగుళాలు లేచి, మూలిగి ఆగిపోయింది. ఐదారు సార్లు నొక్కి చూశాను, అదే వరస. పదహారడుగుల డబుల్ డోర్, ఎత్తు ఏడడుగులు, ఇల్లు 2016లో కట్టింది. రెండు కార్లూ లోపలే ఉన్నాయి. గురువారం అమ్మ ఫ్లైట్. ఒక కంపెనీకి ఫోన్ చేస్తే మనిషొచ్చి రెండు నిమిషాలు చూసి, మోటార్‌తో సహా మొత్తం మార్చాలి, 1,150 డాలర్లు అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

మూర్తి_ఫీనిక్స్
ముందు బటన్ నొక్కడం ఆపండి. తలుపు పైన గోడకి అడ్డంగా ఒక ఇనప కడ్డీ, దాని మీద లావుపాటి స్ప్రింగులు ఉంటాయి. వాటిల్లో ఎక్కడైనా చుట్ల మధ్య ఖాళీ కనిపిస్తోందా? ఫోటో పెట్టండి.

ఓరుగల్లు_పిల్లోడు
ఢామ్మని చప్పుడు అన్నప్పుడే తెలిసిపోయింది అన్నా, స్ప్రింగ్ తెగింది. కొలంబస్‌లో మా ఇంట్లో తెగితే పక్కింటాయన తుపాకీ పేలిందని పోలీసులకి ఫోన్ చేశాడు.

శ్రీను_ఫ్రిస్కో
ఫోటో పెట్టాను. రెండు స్ప్రింగులున్నాయి. ఎడమ వైపుదాంట్లో మధ్యలో రెండంగుళాల ఖాళీ ఉంది, తెగిన చోట లోహం కొత్త రూపాయి బిళ్ళలా మెరుస్తోంది, మిగతాదంతా తుప్పు రంగు. రాత్రి నేను కిందే వెతికాను, తల పైకెత్తి చూడలేదు.

మూర్తి_ఫీనిక్స్
అదే మీ జబ్బు. చాలామంది మోటారే తలుపుని లేపుతుందనుకుంటారు. కాదు. మీ తలుపు ఒక నూటయాభై పౌన్లు ఉంటుంది. ఆ బరువు మోసేది స్ప్రింగులు. తలుపు కిందకి దిగేటప్పుడు అవి బిగుసుకుంటాయి, పైకెళ్ళేటప్పుడు ఆ బిగువు విప్పుకుంటూ తలుపుని లాగుతాయి. మోటార్ చేసేది కాస్త తొయ్యడమే. స్ప్రింగ్ బాగుంటే మీ అమ్మగారు కూడా ఒంటి చేత్తో తలుపు ఎత్తగలరు. ఇప్పుడు ఒకటి తెగింది కాబట్టి సగం బరువు మోటార్ మీద పడింది, అది ఆరంగుళాలు లేపి ఇక నావల్ల కాదని ఆగిపోతోంది. మోటార్ మార్చాలని చెప్పినవాడు స్ప్రింగ్ తెగిన సంగతి మీకు చెప్పాడా?

శ్రీను_ఫ్రిస్కో
స్ప్రింగ్ అన్న మాటే ఎత్తలేదండీ. మోటార్ పాతబడింది, ప్యాకేజీ తీసుకుంటే లైఫ్‌టైమ్ వారంటీ అన్నాడు.

డాలస్_వెంకట్
ఇక్కడ ఇది మామూలే. ముందు 29 డాలర్లకే వచ్చి చూస్తామని ప్రకటన, వచ్చాక వెయ్యి బిల్లు. లైఫ్‌టైమ్ వారంటీ స్ప్రింగ్‌కి మాత్రమే ఇచ్చి, అది తెగిన ప్రతిసారీ లేబర్ ఛార్జీ వసూలు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకో ఇద్దరిని పిలిచి, ఫోన్లోనే "రెండు స్ప్రింగులు మార్చడానికి లేబర్‌తో కలిపి ఎంత" అని అడుగు. నేను పోయినేడు ప్లేనోలో 340 ఇచ్చాను, గంటలో పని అయిపోయింది.

లావణ్య_ఎడిసన్
ఒకటే తెగితే రెండూ ఎందుకు మార్చాలి? రెండోది బాగానే ఉందిగా.

మూర్తి_ఫీనిక్స్
లావణ్య గారూ, రెండూ ఒకే రోజు పెట్టినవి, రెండూ అన్నిసార్లే తిరిగాయి. మామూలు స్ప్రింగ్‌ని పదివేల సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకి నాలుగు సార్లు తెరిస్తే 2,500 రోజులు, అంటే ఏడేళ్ళ లోపే. ఇద్దరు ఉద్యోగాలు, పిల్లల స్కూలు, పాలకీ పెరుగుకీ కారు తియ్యడం, మన ఇళ్ళల్లో ఆరు సార్లయినా అవుతుంది. రెండోది కూడా ఎక్కువ రోజులు ఆగదు. పైగా ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బిగువు సమానంగా ఉండదు.

కాకినాడ_కుర్రాడు
ఇంతకీ ఈ పూట ఆఫీసుకి కారెలా తియ్యాలో ఎవరూ చెప్పట్లేదేంటండీ పాపం.

ఓరుగల్లు_పిల్లోడు
తలుపు కిందకే ఉంది కాబట్టి మోటార్ పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు లాగొచ్చు. మోటార్ నుంచి తలుపు విడిపోతుంది, తర్వాత చేత్తో ఎత్తాలి. రెండో స్ప్రింగ్ ఇంకా పని చేస్తోంది కాబట్టి ఇద్దరుంటే లేస్తుంది. ఒక్కడివే ఎత్తకు అన్నా. పైకి లేపాక రెండు వైపులా ట్రాక్‌కి, రోలర్ కింద, వైస్ గ్రిప్ (బిగించాక లాక్ అయ్యే పట్టకారు) గట్టిగా బిగించు, లేకపోతే జారి నెత్తి మీద పడుతుంది. కారు బయటికి తీశాక ఇద్దరూ పట్టుకుని మెల్లగా దించండి. పిల్లాణ్ణి లోపలే ఉంచు.

మూర్తి_ఫీనిక్స్
దీనికి ఒక మాట కలుపుతాను, మిగతావాళ్ళూ గుర్తుపెట్టుకోండి. తలుపు పైకి ఉన్నప్పుడు స్ప్రింగ్ తెగితే మాత్రం ఎర్ర తాడు ముట్టుకోవద్దు. ఆ తాడు లాగితే తలుపు మొత్తం ఒక్కసారిగా కిందపడుతుంది.

శ్రీను_ఫ్రిస్కో
పక్కింటి తమిళాయన, నేను కలిసి ఎత్తాం. రెండు కార్లూ బయటికొచ్చాయి, బతికించారు. ఇప్పుడు అసలు ప్రశ్న. వీడియోల్లో చూస్తే స్ప్రింగులు మనమే మార్చుకోవచ్చనిపిస్తోంది. రెండూ కలిపి ఆన్‌లైన్‌లో 90 డాలర్లు. చెయ్యమంటారా?

డాలస్_వెంకట్
వద్దు. మా ఆఫీసులో ఒకతను వైండింగ్ బార్ (స్ప్రింగ్ తిప్పే ఉక్కు కడ్డీ) బదులు స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పాడు. అది జారి, మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి. మూడు నెలలు కీబోర్డ్ మీద ఎడమ చెయ్యి ఒక్కటే. 250 డాలర్లు మిగుల్చుకోవడానికి చెయ్యి పోగొట్టుకోవడం ఏం లాభం?

ఓరుగల్లు_పిల్లోడు
నేను నాదీ, మా బావదీ రెండూ మార్చాను, ఏమీ కాలేదు. సరైన పనిముట్లుంటే కష్టం కాదు. వెంకట్ అన్నా, మీ ఆఫీసాయనకి చెయ్యి విరిగింది స్క్రూ డ్రైవర్ వల్ల, స్ప్రింగ్ వల్ల కాదు.

డాలస్_వెంకట్
తమ్ముడూ, నీకు రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి పొరపాటైతే? ఇది కుళాయి వాషర్ మార్చడం కాదు, అక్కడ తప్పు చేస్తే నీళ్ళు కారతాయి అంతే.

మూర్తి_ఫీనిక్స్
ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను మెకానికల్ ఇంజనీర్ని, మా ఇంటివి నేనే మార్చుకున్నాను, అయినా ప్రతి ఒక్కరినీ చెయ్యమనను. ఎలా చేస్తారో చెప్తాను, చదివాక శ్రీను గారే తేల్చుకోవాలి.

మొదటిది కొలత. పాత స్ప్రింగ్‌లో తెగని చోట ఇరవై చుట్లు ఎంచి టేపు పెట్టండి. ఆ పొడవుని ఇరవైతో భాగిస్తే తీగ మందం. తర్వాత లోపలి వ్యాసం, మొత్తం పొడవు, ఏ వైపు చుట్టుకుందో చూడాలి. మధ్య బ్రాకెట్‌కి ఎడమ వైపు, కుడి వైపు స్ప్రింగులు ఒకదానికొకటి ఎదురు దిశలో చుట్టి ఉంటాయి, మార్చి పెట్టకూడదు. తీగ మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తలుపు బరువుకి సరిపోదు.

రెండోది బిగించడం. ఏడడుగుల తలుపుకి సుమారు ఏడున్నర తిప్పులు, ఒక్కొక్కటీ పావు చొప్పున ముప్పై సార్లు. అరంగుళం లావు, అడుగున్నర పొడవు ఉక్కు కడ్డీలు రెండు కావాలి. ఒకటి స్ప్రింగ్ చివరి దిమ్మలోని రంధ్రంలో పూర్తిగా దిగాకే రెండోది తియ్యాలి. ముఖం, ఛాతీ ఆ కడ్డీ తిరిగే దారికి ఎదురుగా ఉండకూడదు, నిచ్చెన పక్కకి వేసుకుని నిలబడాలి. మొదటి పది సార్లు సులువే, ఇరవై ఐదు దాటాక కడ్డీ మీ చేతిలోంచి తిరిగి పోవాలని చూస్తుంది. అప్పుడు ఫోన్ మోగినా, ఎవరు పిలిచినా చెయ్యి వదలకూడదు. తెగని స్ప్రింగ్‌ని విప్పేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త, అందులో బిగువు మొత్తం అలాగే ఉంది. అలాగే తలుపు అడుగున మూలల్లో కేబుల్ తగిలించిన బ్రాకెట్ ఉంటుంది, స్ప్రింగ్ బిగువుగా ఉన్నంతసేపు దాని బోల్టులు విప్పొద్దు.

శ్రీను_ఫ్రిస్కో
ఇరవై చుట్లకి నాలుగూ ఎనిమిదో వంతు అంగుళాలు వచ్చింది.

మూర్తి_ఫీనిక్స్
0.206, అంటే 0.207 తీగ. మీ సైజు తలుపుకి సరిపోయే లెక్కే. పిలిచే మనిషితో ఈ అంకె చెప్పండి, మీకు విషయం తెలుసని అర్థమవుతుంది. ఇంకొకటి అడగండి, అంతే బరువు మోసే స్ప్రింగ్‌నే కాస్త లావు తీగతో, ఎక్కువ పొడవుతో తీసుకుంటే పదివేలు కాదు ఇరవై వేల సార్లు దాకా వస్తుంది. ధర కొంచెమే తేడా.

ఫ్రీమాంట్_పద్మ
శ్రీను గారూ, మనిషిని పిలవండి. గురువారం అమ్మగారి ప్రయాణం పెట్టుకుని ఈ పని నెత్తిన వేసుకోవద్దు. ఖాళీ ఉన్న రోజైతే వేరే సంగతి.

శ్రీను_ఫ్రిస్కో
అమ్మ కూడా అదే మాట, "నేను ఎక్కే దాకా ఆ నిచ్చెన ఎక్కకు" అంది. మనిషినే పిలుస్తున్నాను.

కూకట్‌పల్లి_సతీష్
మా ఇంటి కింద పార్కింగ్‌కి రోలింగ్ షట్టర్ ఉంది, అమెరికా తలుపుల్లాంటిది కాదు గానీ చదువుతుంటే రెండూ ఒకటే అనిపిస్తోంది. చేత్తో ఎత్తే షట్టర్‌లో కూడా పైన పైపు మీద స్ప్రింగులే బరువు మోస్తాయి. వానాకాలం తర్వాత మాది ఎత్తలేకపోతుంటే మోటార్ పెట్టించమని అందరూ అన్నారు. షట్టర్ మెకానిక్ వచ్చి రెండు పక్కల గైడ్‌లలో పేరుకున్న మట్టి, తుప్పు గీకి, గ్రీజు పూసి, స్ప్రింగ్ రెండు చుట్లు బిగించాడు. మా అమ్మాయే ఎత్తేస్తోంది ఇప్పుడు.

మూర్తి_ఫీనిక్స్
మంచి మెకానిక్ దొరికాడు సతీష్ గారూ. ముందు చేత్తో ఎత్తి చూడకుండా మోటార్ అమ్మేవాడిని నమ్మకూడదు.

చలిదేశం_రవి
డెట్రాయిట్ దగ్గర నుంచి రాస్తున్నాను. మాకు జనవరిలో ఇంకో గొడవ. తలుపు కింది రబ్బరు నేలకి గడ్డకట్టుకుపోతుంది, మోటార్ లాగుతుంటే రబ్బరు చిరిగి వస్తుంది. వేడినీళ్ళు పొయ్యకండి, అవి గడ్డకట్టి ఇంకా అతుక్కుంటుంది. నేను ప్లాస్టిక్ పారతో మెల్లగా విడదీసి, రబ్బరు తుడిచి సిలికాన్ స్ప్రే కొడతాను. స్ప్రింగులు కూడా చలిలోనే ఎక్కువ తెగుతాయి, నావి రెండూ తెల్లవారుజామునే తెగాయి.

కాకినాడ_కుర్రాడు
ఆయిల్ ఎక్కడెక్కడ వెయ్యాలి? నేను ట్రాక్ నిండా గ్రీజు పూశాను పోయిన నెల.

చలిదేశం_రవి
ట్రాక్‌లో వద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. తుడిచెయ్. రోలర్ ఇరుసుకి, కీళ్ళకి, స్ప్రింగ్ చుట్ల మీద వెయ్యాలి. సిలికాన్ గానీ తెల్ల లిథియం గ్రీజు గానీ. తుప్పు వదిలించే మామూలు స్ప్రే పనికిరాదు, నాలుగు రోజుల్లో ఆరిపోతుంది.

శ్రీను_ఫ్రిస్కో
మంగళవారం అప్‌డేట్. రెండు స్ప్రింగులూ మార్చించాను, కాస్త లావు తీగవి, 380 అయింది. వచ్చినాయన మెక్సికో అతను, ముందు నాతో చేత్తో ఎత్తించి, తర్వాతే బిల్లు రాశాడు. తలుపు ఇప్పుడు దూదిలా లేస్తోంది. కానీ మోటార్‌కి తగిలించి బటన్ నొక్కితే మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తోంది, చైన్ మాత్రం కదలట్లేదు! మోటార్ నిజంగానే పోయిందా? మొదటివాడు చెప్పిందే నిజమా?

మూర్తి_ఫీనిక్స్
కాదు. మూత విప్పి చూడండి, తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉందా? ముందు ప్లగ్ పీకండి.

శ్రీను_ఫ్రిస్కో
ఉంది! కొబ్బరికోరులా గ్రీజులో కలిసి అంతటా అంటుకుని ఉంది. తెల్ల పళ్ళచక్రం ఒకటుంది, ఒక వైపు పళ్ళు పూర్తిగా అరిగి నున్నగా అయిపోయాయి.

మూర్తి_ఫీనిక్స్
అది కావాలనే ప్లాస్టిక్‌తో చేస్తారు. బరువు ఎక్కువైతే మోటార్ కాలిపోకుండా ముందు ఆ చక్రం అరిగిపోతుంది. ఎనిమిదేళ్ళుగా కాస్త అరిగి ఉంటుంది, మొన్న స్ప్రింగ్ తెగాక ఐదారు సార్లు నొక్కారు చూడండి, అప్పుడు పూర్తయింది. మోడల్ నంబర్‌తో గేర్ కిట్ అని వెతికితే ముప్పై డాలర్లలో దొరుకుతుంది, గ్రీజుతో సహా. ఇది మాత్రం మీరే చేసుకోవచ్చు, ఇక్కడ ప్రాణం మీదకి వచ్చేదేమీ లేదు. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి.

డాలస్_వెంకట్
దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఇది చెయ్యి శ్రీనూ.

లావణ్య_ఎడిసన్
మధ్యలో నా గోల కూడా. మాది గోడ మీది బటన్‌తో చక్కగా తెరుచుకుంటుంది, రిమోట్ మాత్రం తలుపు ముందుకొచ్చి ఆగితే తప్ప పని చెయ్యదు. బ్యాటరీ మార్చాను.

ఓరుగల్లు_పిల్లోడు
మోటార్‌లో ఉన్న బల్బు ఈమధ్య మార్చారా అక్కా? కొన్ని ఎల్‌ఈడీ బల్బులు రిమోట్ సిగ్నల్‌కి అడ్డుపడతాయి. తీసేసి ఒకసారి రిమోట్ నొక్కి చూడండి. రిమోట్ అసలే పని చెయ్యకపోతే మాత్రం గోడ ప్యానెల్ మీద లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడాలి, పిల్లలు నొక్కేస్తారు.

లావణ్య_ఎడిసన్
దీపావళికి అన్ని బల్బులూ ఎల్‌ఈడీ పెట్టించాను! సాయంత్రం చూస్తాను.

శ్రీను_ఫ్రిస్కో
బుధవారం రాత్రి. గేర్ వేశాను, రెండున్నర గంటలు పట్టింది, చైన్ తిరుగుతోంది, చాలా సంతోషంగా ఉంది. కానీ ఇప్పుడు తలుపు సగం దిగి మళ్ళీ పైకెళ్ళిపోతోంది, మోటార్ లైట్ టపటపా పదిసార్లు వెలిగి ఆరుతోంది. గోడ బటన్ నొక్కి పట్టుకుంటే మాత్రం మొత్తం దిగుతోంది. రేపు తెల్లవారి నాలుగింటికి ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాలి.

కాకినాడ_కుర్రాడు
మోటార్ వెనకాల ఫోర్స్ అని తిప్పేది ఉంటుంది, దాన్ని పెంచేస్తే దిగిపోతుంది.

మూర్తి_ఫీనిక్స్
అది మాత్రం చెయ్యొద్దు, దయచేసి. ఇంట్లో పిల్లాడున్నాడు. ఫోర్స్ పెంచితే కింద ఏది అడ్డొచ్చినా తలుపు ఆగకుండా నొక్కేస్తుంది. ఈ దేశంలో చిన్నపిల్లలు అలా తలుపుల కింద చనిపోయాకే చట్టం తెచ్చారు, 1993 నుంచి తయారైన ప్రతి ఇంటి మోటార్‌కీ అడ్డం వస్తే వెనక్కి వెళ్ళే ఏర్పాటు తప్పనిసరి. మీది ఫోర్స్ సమస్య కాదు. బటన్ నొక్కి పడితే దిగుతోందంటే సెన్సార్ అని అర్థం. తలుపుకి రెండు పక్కలా నేల నుంచి ఆరంగుళాల ఎత్తు లోపు చిన్న కళ్ళు రెండుంటాయి, చూడండి. వాటి లైట్లు ఎలా ఉన్నాయి?

శ్రీను_ఫ్రిస్కో
ఒకటి పసుప్పచ్చగా నిలకడగా ఉంది. ఇంకోటి ఆకుపచ్చ, మిణుకుమిణుకుమంటోంది.

మూర్తి_ఫీనిక్స్
పసుపుది కిరణం పంపేది, ఆకుపచ్చది అందుకునేది. రెండోది కాస్త పక్కకి తిరిగింది. నిచ్చెన తగిలి ఉంటుంది. రెక్క నట్టు కొంచెం వదులు చేసి, కన్ను మెల్లగా తిప్పుతూ ఆకుపచ్చ నిలకడగా వెలిగే చోట బిగించండి. అద్దం మీద సాలెగూడు ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి.

శ్రీను_ఫ్రిస్కో
నిచ్చెనే! బ్రాకెట్ వంగి ఉంది. సరిచేశాను, లైట్ నిలిచింది, తలుపు పూర్తిగా దిగింది.

ఓరుగల్లు_పిల్లోడు
మీ తలుపు పడమర వైపైతే సాయంత్రం ఎండ ఆకుపచ్చ కంట్లో పడి మళ్ళీ ఇదే సమస్య రావచ్చు. అలా వస్తే రెండు కళ్ళనీ అటుదిటు మార్చు, పసుపుది ఎండ పడే చోట పెట్టు.

మూర్తి_ఫీనిక్స్
పడుకునే ముందు ఇంకో రెండు పరీక్షలు. తలుపు దారిలో నేల మీద ఒక టూ బై ఫోర్ అనే మందపాటి చెక్క పడుకోబెట్టి తలుపు దించండి, చెక్కకి తగలగానే వెనక్కి వెళ్ళాలి. తర్వాత తలుపు కిందకి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగి, చేత్తో సగం దాకా ఎత్తి వదలండి. అక్కడే నిలబడాలి. కిందకి జారితే బిగువు తక్కువ, పైకి పోతే ఎక్కువ.

శ్రీను_ఫ్రిస్కో
చెక్క తగలగానే వెనక్కి వెళ్ళింది. సగంలో వదిలితే వేలెడు కూడా కదల్లేదు.

ఫ్రీమాంట్_పద్మ
తెల్లవారి ప్రయాణం అన్నారు కాబట్టి ఒక మాట. అప్పుడు కరెంట్ పోతే? మాకు 2017 కార్చిచ్చుల్లో కరెంట్ పోయి గరాజ్ తలుపులు తెరవలేక కొందరు చిక్కుకుపోయారు. అందుకే కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి కొత్తగా పెట్టే ప్రతి మోటార్‌కీ బ్యాటరీ ఉండాలని చట్టం చేశారు. మీకు లేకపోయినా ఎర్ర తాడు లాగి ఎత్తడం ఇంట్లో అందరికీ నేర్పండి.

డాలస్_వెంకట్
నిజం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మా వీధిలో కరెంట్ పోతే, కార్లో ఫోన్ ఛార్జ్ చేసుకుందామని తలుపు ఎత్తబోయి ఎత్తలేకపోయినవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళ స్ప్రింగులు అప్పటికే నీరసించాయి, మోటార్ లాగుతుంటే తెలియలేదు.

లావణ్య_ఎడిసన్
బల్బు పీకేశాను. వీధి మలుపు నుంచే తెరుచుకుంటోంది! థాంక్స్ తమ్ముడూ. మూర్తి గారు చెప్పిన సగం పరీక్ష కూడా చేశాను, మాది మెల్లగా కిందకి జారుతోంది. తొమ్మిదేళ్ళయింది పెట్టి. శనివారం మనిషిని పిలుస్తున్నాను, ఇరవై చుట్లు కొలిచి పెట్టుకున్నాను.

శ్రీను_ఫ్రిస్కో
గురువారం. అమ్మని ఎక్కించి వచ్చాను. పొద్దున్న బటన్ తనే నొక్కింది, తలుపు పైకి పూర్తిగా వెళ్ళి ఆగేదాకా పిల్లాడి చెయ్యి వదల్లేదు. మొత్తం ఖర్చు 380 ప్లస్ 31. మూర్తి గారూ, డాలస్ వస్తే మా ఇంట్లో భోజనానికి రావాలి, గోంగూర పచ్చడి అమ్మ ఆరు నెలలకి సరిపడా పెట్టి వెళ్ళింది.

మూర్తి_ఫీనిక్స్
తప్పకుండా. పాత తెగిన స్ప్రింగ్ పారేశారా? ఉంటే లావణ్య గారికోసం తెగిన చోటు దగ్గరి నుంచి ఒక ఫోటో పెట్టండి, తనది జారుతోంది కదా, తుప్పు ఎలా మొదలవుతుందో చూసుకుంటారు.

శ్రీను_ఫ్రిస్కో
గరాజ్‌లోనే ఉంది, పెడుతున్నాను.